స్క్రీన్ మీద పెట్టాలా, స్పీకర్ల మీద పెట్టాలా? తక్కువ బడ్జెట్‌లో కారు స్టీరియో

చేతిలో డబ్బు కొద్దిగానే ఉన్నప్పుడు కారు ఆడియోకి మూడు దారులు. డబ్బంతా పెద్ద టచ్‌స్క్రీన్‌కి పెట్టి, కారుతో వచ్చిన స్పీకర్లనే ఉంచేయడం ఒకటి. మామూలు సింగిల్ డిన్ (సన్నటి సైజు) హెడ్ యూనిట్, అంటే డాష్‌బోర్డులో ఉండే స్టీరియో, తీసుకుని, మిగిలినదంతా ముందు డోర్ల స్పీకర్లకు పెట్టడం రెండోది. కారుతో వచ్చిన హెడ్ యూనిట్‌ని కదపకుండా స్పీకర్లు మార్చి, చిన్న యాంప్లిఫయర్ కలపడం మూడోది. ఎక్కువమంది మొదటిదానికే మొగ్గుతారు, స్క్రీన్ కంటికి కనిపిస్తుంది కాబట్టి. వినడం కోసమే అయితే మూడింట్లోనూ అదే వెనకబడుతుంది. ఎందుకో చూద్దాం.

హెడ్ యూనిట్ డబ్బా మీద 4×50 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉంటాయి. వాటిని పక్కనపెట్టి యూనిట్ వెనకున్న ఫ్యూజ్ చూడండి. అది 10 ఆంపియర్లదైతే, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14.4 వోల్టుల దగ్గర లోపలికి వెళ్లేదే 144 వాట్లు. అందులోంచి 200 వాట్లు నిలకడగా బయటికి రావడం జరగని పని. ఆ వోల్టేజీతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి శబ్దం చీలకుండా ఇవ్వగలిగింది లెక్క ప్రకారం 26 వాట్ల లోపే. వేడిగా పోయేది పోగా ఒక్కో ఛానల్‌కి దక్కేది సుమారు 17 నుంచి 22 ఆర్‌ఎంఎస్ (అంటే నిలకడగా ఇచ్చే) వాట్లు. చవక యూనిట్ అయినా ఖరీదైనది అయినా లోపలి యాంప్లిఫయర్ చిప్ నేరుగా ఈ వోల్టేజీ మీదే నడిచేదైతే పవర్‌లో పెద్ద తేడా ఉండదు. ఎక్కువ డబ్బు పెడితే వచ్చేది స్క్రీను, సెట్టింగులు, ఫోన్ కనెక్షన్. మోత కాదు.

అందుకే స్పీకర్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది 'గరిష్ఠం 300 వాట్లు' అన్న ముద్ర కాదు, సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో చెప్పే అంకె అది. 3 డెసిబెల్స్ తేడా అంటే పవర్‌లో రెట్టింపు తేడా. 88 డెసిబెల్స్ స్పీకర్ 20 వాట్లతో చేసే శబ్దం 91 డెసిబెల్స్ స్పీకర్ 10 వాట్లతోనే చేస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. కొందరు తయారీదార్లు ఆ అంకెని 2.83 వోల్టుల దగ్గర కొలుస్తారు. 4 ఓమ్‌ల స్పీకర్‌కి అది ఒక వాట్ కాదు, రెండు వాట్లు. కాబట్టి 3 డెసిబెల్స్ తీసేసి పోల్చుకోవాలి.

స్పీకర్లు మార్చాక 'పాతవే గట్టిగా మోగేవి' అని చాలామంది అనుకోవడానికి కారణమూ ఇదే. కారుతో వచ్చే స్పీకర్ల పల్చటి పేపర్ కోన్ (కదిలి శబ్దం పుట్టించే గరాటు భాగం) తేలిగ్గా కదులుతుంది. బరువైన కోన్, మందమైన రబ్బరు అంచు ఉన్న కొత్త స్పీకర్‌కి ఎక్కువ పవర్ కావాలి. కొన్ని కార్లలో పాత స్పీకర్లు 2 ఓమ్‌లవి ఉంటాయి, వాటి చోట 4 ఓమ్‌లవి పెడితే అందే పవర్ దాదాపు సగమవుతుంది. పాతదాన్ని విప్పి మల్టీమీటర్ పెట్టండి. 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తే అది 4 ఓమ్‌లదే.

కోయాక్సియలా, కాంపొనెంటా? ట్వీటర్, అంటే సన్నటి శబ్దాలకు ఉండే బుల్లి స్పీకర్, పెద్ద కోన్ మధ్యలోనే ఉంటే కోయాక్సియల్, విడిగా ఉంటే కాంపొనెంట్. ట్వీటర్ విడిగా అద్దం మూల దగ్గరో, విండ్‌షీల్డ్ పక్క పిల్లర్ మీదో ఉంటే పాట మోకాళ్ల దగ్గర్నుంచి కాక ఎదురుగా వినిపిస్తుంది. కాంపొనెంట్ గొప్పతనం అదే. కానీ దానికి తీగలు లాగాలి, ట్వీటర్‌కీ పెద్ద స్పీకర్‌కీ శబ్దాన్ని పంచే క్రాసోవర్ డబ్బాకి నీళ్లు తగలని చోటు వెతకాలి, చాలా సెట్లకు యాంప్లిఫయర్ కూడా కావాలి. యాంప్లిఫయర్ లేకుండా హెడ్ యూనిట్ మీదే నడిపేవాళ్లకి 90 డెసిబెల్స్ పైన ఉన్న ఆరున్నర అంగుళాల కోయాక్సియల్ జతే మేలు. అదే ధరలో దొరికే నాసిరకం కాంపొనెంట్ సెట్ కంటే ఎంతో నయం. పార్సిల్ ట్రే మీద పెట్టే 6×9 అంగుళాల ఓవల్ స్పీకర్ల కోన్ పెద్దది కాబట్టి బేస్ ఎక్కువే. అయితే పాట వీపు వెనక నుంచి వస్తుంది, పల్చటి ట్రే కూడా దాంతోపాటే అదురుతుంది. నాలుగు చవక స్పీకర్లకు బదులు ముందు డోర్లకు రెండు మంచివి వేసి, వెనక ఉన్నవాటిని అలాగే వదిలేయండి.

హెడ్ యూనిట్ విషయానికొస్తే, సింగిల్ డిన్ ముఖం 180×50 మిల్లీమీటర్లు, డబుల్ డిన్ 180×100. సీడీ లేని సింగిల్ డిన్ లోతు తక్కువ, వెనక తీగలకు చోటు మిగులుతుంది. బ్లూటూత్, యూఎస్‌బీతో పాటు హై పాస్ ఫిల్టర్ (లోతు బేస్‌ని ఆపేది), కనీసం ఒక జత ఆర్‌సీఏ అవుట్‌పుట్ (యాంప్లిఫయర్ కలుపుకునే సాకెట్లు) ఉన్నదే తీసుకోండి. ఫిల్టర్‌ని 80 హెర్ట్జ్ దగ్గర పెడితే డోర్ స్పీకర్ తనకు చేతకాని లోతు బేస్ జోలికి పోదు, అదే వాల్యూమ్‌లో శుభ్రంగా మోగుతుంది. మ్యాపు స్క్రీన్ మీద కావాల్సిందే అనుకుంటే, సొంత ఆండ్రాయిడ్ ఉన్న చవక యూనిట్ కంటే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే నడిపే డబుల్ డిన్ నయం. అక్కడ పని చేసేది మీ ఫోన్. ఫోన్ మారినప్పుడల్లా వేగం కూడా కొత్తదవుతుంది. 2 జీబీ ర్యామ్‌తో వచ్చే చవక ఆండ్రాయిడ్ యూనిట్‌లో మ్యాపు, పాట, రివర్స్ కెమెరా కలిస్తే తడబాటు తప్పదు.

స్టీరింగ్ బటన్లు, కెమెరా, బండి సెట్టింగులు అన్నీ పాత స్క్రీన్‌తోనే ముడిపడి ఉన్న కార్లకు మూడో దారి సరైనది. స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ తీసుకునే, అంటే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న నాలుగు ఛానళ్ల యాంప్లిఫయర్ చూడండి. ఒక లోపం మాత్రం ఉంది. వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్ తగ్గించేలా కొన్ని కంపెనీ యూనిట్లలో ముందే అమర్చి ఉంటుంది. మామూలు యాంప్లిఫయర్ దాన్ని సరిచేయజాలదు.

ఏ దారి పట్టినా స్పీకర్‌తో పాటు డోర్‌కీ కొంత డబ్బు మిగల్చండి. రేకుకి బ్యుటైల్ డంపింగ్ షీట్ (అదురు తగ్గించే రబ్బరు లాంటి అంటుకునే పొర), పెద్ద రంధ్రాలకు మూత, స్పీకర్ కింద గట్టి రింగు ఉంటేనే బేస్ వస్తుంది. కోన్ వెనక నుంచి వచ్చే గాలి ఆ రంధ్రాల గుండా ముందుకొస్తే బేస్‌ని అదే తినేస్తుంది. డోర్ లోపలికి వాన నీళ్లు దిగడం మామూలే. ఎండీఎఫ్ (చెక్క పొడి నొక్కి చేసిన పలక) రింగు వేస్తే వార్నిష్ పట్టించకపోతే ఉబ్బిపోతుంది, ప్లాస్టిక్‌దైతే ఆ బాధ లేదు. అడుగున ఉండే నీళ్లు పోయే కంతలు మాత్రం మూయకండి. కొనేముందే అద్దం పూర్తిగా దించి లోతు కొలవండి, మ్యాగ్నెట్‌కి తగిలితే అద్దం దిగదు.

వైరింగ్‌లో పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. చాలా యూనిట్లలో ఇదే వరస. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీసినప్పుడల్లా స్టేషన్లు, సెట్టింగులు చెరిగిపోతాయి. స్పీకర్ నెగటివ్‌ని బాడీకి కలిపితే చిప్ కాలే ప్రమాదముంది. ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తిరగబడితే ఏదీ కాలదు గానీ బేస్ మాయమవుతుంది. స్పీకర్ తీగలను యూనిట్ నుంచి విడదీసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని వాటికి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి కదిలితే సెల్ ప్లస్ తాకిన తీగే ప్లస్.