టామ్రియెల్‌లో మనిషి దేవుడయ్యే దారులు: వివెక్, టాలోస్, షియోగొరాత్, ఏది మేలు?

మా తమ్ముడికీ నాకూ ఈ వాదన చాలా ఏళ్ళ నుంచి నడుస్తోంది. టామ్రియెల్ అనే ఖండంలో జరిగే ఎల్డర్ స్క్రోల్స్ గేముల్లో మామూలుగా పుట్టి తర్వాత దేవుళ్ళైపోయినవాళ్ళు కొందరున్నారు కదా, వాళ్ళలో ఎవరి దారి మంచిది అని. వాడు మొదటి నుంచీ షియోగొరాత్ వైపు. నేను చాలాకాలం వివెక్ వైపు ఉన్నా, ఇప్పుడు లేను, ఎందుకు మారానో చెప్పడానికే ఇదంతా. కథలన్నీ బయటపెట్టేస్తా, మారోవిండ్ వచ్చింది 2002లో, ఆబ్లివియన్ 2006లో, స్కైరిమ్ 2011లో, ఇంకా ఆడనివాళ్ళు ఎవరైనా ఉంటే ముందు ఆడి రండి, ఆ మొదటిసారి మళ్ళీ దొరకదు.

ముందు మారోవిండ్ గేమ్‌లోని వివెక్ సంగతి, ఎందుకంటే దీంట్లోనే ఎక్కువ సరుకు ఉంది. రెడ్ మౌంటెన్ కింద లోర్ఖాన్ అనే చచ్చిపోయిన దేవుడి గుండెకాయ ఉంటుంది, ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. దాన్ని మొదట పట్టుకున్నది డ్వెమర్లు, భూమి లోపల ఇత్తడి మెషిన్లతో ఊళ్ళు కట్టుకున్న జాతి. వాళ్ళ పెద్ద ఇంజనీరు కాగ్రెనాక్ ఆ గుండెలోంచి శక్తి లాగడానికి మూడు పనిముట్లు చేశాడు, సండర్ అనే సుత్తి, కీనింగ్ అనే కత్తి, వాటిని పట్టుకుంటే చావకుండా ఉండటానికి రెయిత్‌గార్డ్ అనే చేతి తొడుగు. కైమర్ అనే ఇంకో జాతితో యుద్ధం మధ్యలో వాటిని వాడాడు, అంతే, మొదటి యుగం 700లో జాతి జాతంతా ఒక్క క్షణంలో మాయమైపోయింది. ఏమైపోయారో ఏ గేమూ తేల్చి చెప్పలేదు. ఒక్కడు మాత్రం మిగిలాడు, యాగ్రమ్ బాగర్న్, ఆ టైంకి ఆయన వేరే లోకంలో ఉన్నాడు కాబట్టి. టెల్ ఫిర్ కింద కార్ప్రస్ రోగుల్ని ఉంచే చోట కనిపిస్తాడు, ఒళ్ళంతా ఉబ్బిపోయి, సాలీడు కాళ్ళ లాంటి మెషిన్ మీద కూర్చుని. దేవుడైపోదామని తొందరపడితే ఏమవుతుందో చూడాలంటే ఆయన్ని చూస్తే చాలు.

అదంతా కళ్ళారా చూసి కూడా ముగ్గురు కైమర్లు అదే పనిముట్లు తీసుకున్నారు చూడండి, నాకు ఇప్పటికీ గుండె చివుక్కుమనేది అక్కడే. వివెక్, ఆల్మలెక్సియా, సోథా సిల్. వీళ్ళ నాయకుడు నెరెవార్ వాటిని ఎప్పటికీ వాడకూడదని ఒట్టేయించుకున్నాడు. ఆ తర్వాత నెరెవార్ చనిపోయాడు. గాయాలతో పోయాడని ఈ ముగ్గుర్ని కొలిచే గుడివాళ్ళు చెప్తారు, ఈ ముగ్గురే చంపేశారని బూడిద నేలల్లో తిరిగే తెగలవాళ్ళు చెప్తారు, గేమ్ రెండూ మన చేతిలో పెట్టి నువ్వే తేల్చుకో అంటుంది. ఒట్టు తప్పి గుండెని వాడి దేవుళ్ళయ్యారు, అజురా అనే దేవత శాపం పెట్టింది, బంగారు రంగు చర్మం ఉన్న కైమర్ జాతి మొత్తం బూడిద రంగుకి, ఎర్ర కళ్ళకి మారిపోయింది, వాళ్ళే డన్మర్లు. తప్పు చేసింది ముగ్గురు, శిక్ష పడింది జాతి మొత్తానికి. వివెక్ ఒంటిని గమనించారా, సగం బంగారు రంగు, సగం బూడిద రంగు. ఆయన శరీరమే ఆ కథ చెప్తుంది.

అయితే ఈ దారిలో ఉన్న అసలు లోపం శాపం కాదు, చార్జింగ్. అవును, ఆ శక్తి సొంతం కాదు, మళ్ళీ మళ్ళీ రెడ్ మౌంటెన్‌కి వెళ్ళి ఆ గుండె దగ్గర నింపుకోవాలి. రెండో యుగం 882లో ఆ కొండలోనే ఉన్న పాత శత్రువు డాగోత్ ఉర్ లేచి ఆ దారి మూసేశాడు. అప్పటి నుంచి వాళ్ళు కరిగిపోతున్న దేవుళ్ళు. మూడో యుగం 417లో సండర్, కీనింగ్ కూడా పోగొట్టుకున్నారు. మనం గేమ్ మొదలుపెట్టేసరికి 427, ఆ ముగ్గురి ఖజానా దాదాపు ఖాళీ, ఆ మిగిలిన కాస్త శక్తితో వివెక్ కొండ చుట్టూ గోస్ట్‌ఫెన్స్ అనే మంత్రపు కంచెని నిలబెడుతూ ఉంటాడు, లోపలి రోగం బయటి ఊళ్ళకి రాకుండా. నేను ఆయన వైపు ఎందుకు ఉన్నానంటే ఇందుకే. గుడిలోకి వెళ్తే గాల్లో మఠం వేసుకుని ఉంటాడు, దేవుడిగా ఉండటం ఎలా ఉంటుంది అని అడగొచ్చు, ఒకేసారి మెలకువగానూ నిద్రలోనూ ఉన్నట్టు ఉంటుంది అన్నట్టుగా చెప్తాడు, అలసిపోయినవాడి మాట అది. రెయిత్‌గార్డ్ తన చేత్తో తనే మనకిచ్చి, వెళ్ళి ఆ గుండెని పగలగొట్టు అంటాడు, అది పగిలితే తన దైవత్వం కూడా పోతుందని తెలిసే. ఏ దేవుడు చేస్తాడు ఆ పని?

ఇంకోటి. ఆయన రాసిన ఉపదేశాలు 36 పుస్తకాలుగా గేమ్ అంతా చెల్లాచెదురుగా ఉంటాయి, చదివితే సగం అర్థం కావు, కానీ 29వ దాంట్లో ఉన్న నంబర్లని పట్టుకుని మిగతా ఉపదేశాల్లోంచి ఒక్కో మాట ఏరుకుంటూ పోతే ఒప్పుకోలు బయటపడుతుంది, నేను దేవుడిగా పుట్టలేదు, దైవత్వాన్ని దొంగిలించాను, నాయకుణ్ణి చంపాను అని. తన మత గ్రంథంలోనే తన నేరాన్ని దాచిపెట్టాడు. మొదటిసారి ఇది తెలిసినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కానీ ఆ దారి మిగతా ఇద్దర్నీ ఏం చేసిందో చూడండి. శక్తి తగ్గేకొద్దీ ఆల్మలెక్సియాకి మతి పోయింది, తనొక్కతే దేవతగా మిగలాలని క్లాక్‌వర్క్ సిటీకి వెళ్ళి సోథా సిల్‌ని చంపేసింది. మనం వెళ్ళేసరికి ఆయన మెషిన్ల మధ్య వేలాడుతూ శవమై ఉంటాడు. తర్వాత ఆమె ఎదురుపడి చెప్పేది ఏంటంటే, చచ్చేటప్పుడు కూడా ఒక్క మాట మాట్లాడలేదు అని, అది ఆమెకి కోపం. వేల ఏళ్ళు కలిసి బతికిన ఇద్దరి మధ్య చివరికి మిగిలింది ఆ మౌనం ఒక్కటే.

వివెక్ సిటీ మీద గాల్లో ఆగిన బార్ డావు అనే రాయి సంగతి కూడా చెప్పాలి. పైనుంచి పడబోతున్న దాన్ని వివెక్ ఆపాడు, కానీ పూర్తిగా తీసేయలేదు, జనం నన్ను ప్రేమించినంత కాలం అది అలాగే ఉంటుందన్నాడు. లోపల తొలిచి జైలు కట్టారు, గుడికి ఎదురు మాట్లాడినవాళ్ళని పెట్టడానికి. వివెక్ మాయమయ్యాక ఆత్మలతో నడిచే యంత్రం పెట్టి కొన్నాళ్ళు నిలబెట్టారు, అదీ పోయింది, నాలుగో యుగం 5లో రాయి పడింది, రెడ్ మౌంటెన్ బద్దలైంది, ద్వీపం మొత్తం బూడిదైంది. ప్రేమిస్తేనే కాపాడతాను అనే దేవుడు కాపలావాడా, బెదిరించేవాడా? నేను ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను, ముందుకి పోలేకపోయాను.

ఇప్పుడు మా తమ్ముడి పార్టీ. ఆబ్లివియన్‌కి 2007లో వచ్చిన అదనపు భాగం షివరింగ్ ఐల్స్‌లో మన హీరో నైబెన్ బే ద్వీపంలో ఒక వింత తలుపు గుండా పిచ్చి దేవుడు షియోగొరాత్ లోకంలోకి వెళ్తాడు. ఆ షియోగొరాత్ అసలు జిగ్గలాగ్ అనే క్రమశిక్షణ దేవుడు, శాపం వల్ల పిచ్చివాడైపోయాడు, ప్రతి యుగం చివర అసలు రూపానికి వచ్చి తన లోకాన్ని తనే నాశనం చేసుకుంటాడు. ఈసారి ఆ చక్రం ఆపాలంటే ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చోవాలి. మనం కూర్చుంటాం, జిగ్గలాగ్‌ని ఓడిస్తాం, ఆయనకి విముక్తి, మనకి పదవి. ఫ్యాన్స్ దీన్ని మాంట్లింగ్ అంటారు, ఒక దేవుడిలా నడుస్తూ నడుస్తూ ఆ దేవుడే అయిపోవడం.

వాడి వాదన సూటిగా ఉంటుంది. "అన్నా, ఇందులో ఎవడూ మోసపోలేదు. దొంగతనం లేదు, ఒట్టు తప్పడం లేదు, పైగా పాతాయన శాపం కూడా తీరిపోయింది." నిజమే, చేతికి మరక అంటని దారి ఇదొక్కటే. నేను ఒప్పుకున్నా. కానీ 200 ఏళ్ళ తర్వాత స్కైరిమ్‌లో ఏమైందో చూడమన్నా. సాలిట్యూడ్ బ్లూ ప్యాలెస్‌లో పెలాగియస్ గదుల వైపు వెళ్తే, చచ్చిపోయిన ఆ రాజు మనసు లోపల షియోగొరాత్ విందు బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు, అదే తెల్లగడ్డం, అదే రెండు రంగుల కోటు. మాటల మధ్యలో ఆబ్లివియన్ గొడవప్పుడు నేను అక్కడే ఉన్నా అంటూ నక్క, తెగిన తల అని ఏవో అంటాడు, అవన్నీ మనం పాత గేమ్‌లో చేసిన పనులే. అంటే మన హీరోనే. నేను ఆ గేమ్‌లో రెండేళ్ళు పెంచుకున్న క్యారెక్టర్, నేను పెట్టుకున్న పేరు, నేను స్లయిడర్లు జరిపి జరిపి చేసుకున్న మొహం, ఏవీ లేవు. నాలుగు జ్ఞాపకాల ముక్కలు ఒక పిచ్చివాడి నోట్లో మిగిలాయి. నాకు కళ్ళు చెమర్చాయి ఆ సీన్‌లో. దేవుడు బతికాడు, మనిషి పోయాడు. అలాంటప్పుడు దేవుడైంది ఎవరు?

మానిమార్కో గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా. శవాలతో మంత్రాలు చేసే ఈయన డాగర్‌ఫాల్ గేమ్ ఎండింగ్‌లో దేవుడైపోతాడు, ఆకాశంలో నెక్రోమాన్సర్ల చంద్రుడవుతాడు, కానీ ఆ గేమ్ ఎండింగ్‌లన్నీ ఒకేసారి నిజమయ్యాయని తర్వాత తేల్చారు కాబట్టి మనిషిగానూ మిగిలిపోయాడు, ఆబ్లివియన్‌లో ఎకో కేవ్‌లో మన చేతిలో చాలా తేలిగ్గా చస్తాడు. ఆయన దారిని పోలికలోకి తీసుకోను, అందులో ఆయన తప్ప ఇంకెవరూ లేరు.

ఇక టాలోస్. మనిషిగా ఉన్నప్పుడు పేరు టైబర్ సెప్టిమ్, టామ్రియెల్ మొత్తాన్ని ఒక్క సామ్రాజ్యం కిందికి తెచ్చినవాడు, మూడో యుగం 38లో చనిపోయాడు, తర్వాత ఎనిమిది మంది దేవుళ్ళ పక్కన తొమ్మిదోవాడిగా చేరాడు. ఎలా చేరాడన్నది గేమ్ ఎప్పుడూ ఒకే మాటగా చెప్పదు. న్యూమిడియం అనే బ్రహ్మాండమైన ఇత్తడి బొమ్మని నడిపించి ఎల్ఫుల సమ్మర్‌సెట్‌ని లొంగదీసుకున్నాడన్నది మాత్రం ఖాయం. తన యుద్ధ మాంత్రికుడు జూరిన్ ఆర్క్టస్‌కి ద్రోహం చేశాడనీ, అసలు టాలోస్ అంటే ఒక్కడు కాదు, ముగ్గురు కలిసిపోయిన రూపమనీ ఇంకో కథ ఉంది. అంటే ఇక్కడ కూడా చేతులకి రక్తం ఉంది, వివెక్‌ది ఒక్క ప్రాణం అయితే ఈయనవి లెక్కలేనన్ని. ఇది దాచి టాలోస్‌ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

మేడారం వెళ్ళినవాళ్ళకి మనిషి దేవతవ్వడం కొత్తగా అనిపించదు. సమ్మక్క సారలమ్మలు మనుషుల్లో తిరిగి కాకతీయ సైన్యంతో పోరాడి వనదేవతలయ్యారని చెప్పుకుంటారు, రెండేళ్ళకోసారి జాతరలో జనం బెల్లాన్ని బంగారం అని పిలుచుకుంటూ తమ ఎత్తు తూచి ఇస్తారు. అయితే వాళ్ళు రాజ్యాన్ని ఎదిరించి దేవతలయ్యారు, టైబర్ రాజ్యం చేసి దేవుడయ్యాడు, ఈ తేడా చిన్నది కాదు. అందుకే చాలాకాలం టాలోస్ అంటే నాకు గౌరవం ఉండేది కాదు, చక్రవర్తి చచ్చాక ఆస్థానంవాళ్ళు విగ్రహం పెట్టారు, అంతే కదా అనుకునేవాణ్ణి.

స్కైరిమ్ ఆ అభిప్రాయాన్ని తిప్పేసింది. నాలుగో యుగం 175లో యుద్ధంలో సతమతమైన సామ్రాజ్యం ఎల్ఫుల పాలకులైన థాల్మోర్‌తో ఒప్పందం చేసుకుంది, అందులో ఒక షరతు టాలోస్ పూజ నిషేధం. తన సామ్రాజ్యమే తనని వదిలేసింది. ఇప్పుడు కొలిచేవాళ్ళు ఎవరు? వైట్‌రన్‌లో విగ్రహం ముందు గొంతు పోయేలా అరిచే హైమ్‌స్కర్, మెళ్ళో తాయెత్తు దాచుకునే రైతులు. రోడ్డు మీద థాల్మోర్ అధికారులు ఎదురైతే అవును టాలోస్‌ని కొలుస్తా అని చెప్పి చూడండి, అక్కడికక్కడే కత్తి దూస్తారు. రాజ్యం పెట్టిన దేవుడు రాజ్యం వదిలేశాక జనం దేవుడయ్యాడు. ఆయన గుడి దగ్గర దణ్ణం పెడితే థూమ్ అనే మంత్రపు అరుపుల మధ్య ఆగాల్సిన టైం 20 శాతం తగ్గుతుంది, నిషేధం ఉన్నా ఆ దీవెన ఆగలేదు. ఆయనది చార్జింగ్ మీద నడిచే దైవత్వం కాదు. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే ఆబ్లివియన్‌లో ఉంది, చక్రవర్తి వారసుడు మార్టిన్‌కి పోర్టల్ తెరవడానికి దేవుడి రక్తం కావాల్సి వస్తే సాంక్రే టోర్ నుంచి టైబర్ సెప్టిమ్ కవచం తెస్తాం, దాని మీద ఎండిన రక్తం పనిచేస్తుంది. మనిషిగా ఉన్నప్పుడు కారిన రక్తమే దేవుడి రక్తంగా చెల్లింది.

మచ్చ లేదా అంటే ఉంది, పెద్దదే. విండ్‌హెల్మ్‌లో మొదటిసారి అడుగుపెట్టగానే స్కైరిమ్ స్థానిక జాతి నోర్డులు ఇద్దరు ఒక డన్మర్ ఆవిణ్ణి తిడుతూ కనిపిస్తారు. టాలోస్ పేరు మీద తిరుగుబాటు చేస్తున్న ఉల్‌ఫ్రిక్ ఊరు అది. లోపల గ్రే క్వార్టర్ అనే ఇరుకు పేటలో ఉండేవాళ్ళు ఎవరు, వివెక్ రాయి పడి, కొండ బద్దలై, ఊళ్ళు వదిలి పారిపోయి వచ్చినవాళ్ళ పిల్లలు. అక్కడ సారాకొట్టు పేరు న్యూ గ్నిసిస్. మారోవిండ్‌లో గ్నిసిస్ ఊళ్ళో నేను ఎన్ని గంటలు తిరిగానో, ఆ బోర్డు చూసి కాసేపు కంట్రోలర్ పక్కన పెట్టేశా. ఒక దేవుడు కాపాడలేక వదిలేసినవాళ్ళని ఇంకో దేవుడి భక్తులు ఛీ కొడుతున్నారు. అది ఆ దేవుడి తప్పా, భక్తుల తప్పా అంటే నేను భక్తుల తప్పే అంటాను, మా తమ్ముడు ఒప్పుకోడు.

నా లెక్క ఇది. చేతులు శుభ్రంగా ఉండాలంటే షియోగొరాత్ దారి, కానీ అక్కడ నువ్వు మిగలవు. నువ్వు నువ్వుగా మిగలాలంటే వివెక్ దారి, కానీ శక్తి అరువుది, అప్పు తీర్చేది నీ జనం. టాలోస్ దారిలో చేసిన పాపం పాపంగానే ఉంది, దైవత్వం మాత్రం ఎవరి దగ్గరా అరువు తెచ్చింది కాదు, మనిషి కూడా మిగిలాడు. అందుకే నా ఓటు టాలోస్‌కి.

మనిషి మిగిలాడని ఎలా తెలుసంటే, మారోవిండ్‌లోనే ఉంది, నేను మొదటి రెండుసార్లు ఆడినప్పుడు గమనించలేదు. రెడ్ మౌంటెన్‌కి వెళ్ళే ముందు గోస్ట్‌గేట్‌లో వుల్ఫ్ అనే ముసలి సైనికుడు ఒకడు కనిపిస్తాడు, లీజియన్‌లో పనిచేసి రిటైరైన మనిషిలా. పూజ అడగడు, తను టాలోస్‌నని చెప్పుకోడు. తన దగ్గరున్న అదృష్టపు నాణెం ఒకటి ఇచ్చి, నా గుర్తుగా ఆ కొండ మీదికి తీసుకెళ్ళు అంటాడు. పోయిన వారం నాణెం తీసుకుని బయటికి వచ్చి, ఏదో అనిపించి వెనక్కి వెళ్ళా, ఆ మూల ఖాళీగా ఉంది.