స్పైనలా, ఎపిడ్యూరలా?

రెండూ సిజేరియన్‌కో, పురిటినొప్పులకో నడుములో ఇచ్చే మత్తే. తేడా సూది ఎంత లోతుకు వెళ్తుందన్నదే.

స్పైనల్: 25–27 గేజ్ సన్న సూది (గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం), వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం దాకా వెళ్తుంది. సూది వెనక తేటనీటి బొట్టు కనిపించాకే మందు ఎక్కిస్తారు. 2–3 మి.లీ. బుపివకైన్ అనే మత్తుమందు చాలు, ఐదు నిమిషాల్లో కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, మొద్దుబారతాయి. ప్రభావం సుమారు రెండు గంటలు. మధ్యలో పెంచే వీలుండదు. బీపీ ఠక్కున పడిపోవచ్చు, కాబట్టి సెలైన్, బీపీ పెంచే మందు ముందే సిద్ధంగా ఉండాలి.

ఎపిడ్యూరల్: 16–18 గేజ్ లావు సూది, ఆ ద్రవాన్ని చుట్టి ఉండే పొర బయటే ఆగుతుంది. మందు 10–20 మి.లీ., పట్టడానికి 15–20 నిమిషాలు. సన్న గొట్టం ఉంచేస్తారు, కావాల్సినప్పుడల్లా మందు ఇవ్వొచ్చు. ఒక్కోసారి మత్తు ఒక పక్కే పడుతుంది. పొరపాటున పొర చిల్లు పడితే, లేచి కూర్చుంటే పెరిగే తలనొప్పి రోజుల తరబడి వేధిస్తుంది.

ముందే అనుకున్న సిజేరియన్‌కు స్పైనల్. గంటల తరబడి సాగే పురిటినొప్పులకు ఎపిడ్యూరల్. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే మాత్రం, ఏదైనా సరే, ముందే చెప్పి తీరాలి.