రిజిస్టరైన సప్రెసర్‌లో ఏది మార్చవచ్చు, ఏది ముట్టుకోకూడదు: టెక్సాస్‌లో కొన్నేళ్ల వాడకం తర్వాత

టెక్సాస్‌లో అడవిపందుల వేటకు వాడే నా 308 వించెస్టర్ రైఫిల్‌కు టైటానియం సప్రెసర్, అంటే గొట్టం కొసన తగిలించి పేలుడు శబ్దాన్ని తగ్గించే సాధనం, బిగించుకుని కొన్నేళ్లయింది. శబ్దం గురించి చెప్పవలసింది తక్కువే. మామూలుగా 165 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండే పేలుడు 135 ప్రాంతానికి దిగుతుంది, అయినా నేను చెవులకు రక్షణ పెట్టుకోవడం మానలేదు. ఇన్నేళ్లలో ఈ వస్తువు విలువను నాకు తేల్చి చెప్పినది దాని ధ్వని కాదు, దానిలో ఏదైనా మార్చాలన్నా, బాగు చేయించాలన్నా అడ్డువచ్చే చట్టం. అందుచేత ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ సప్రెసర్‌కే తుపాకి హోదా ఇచ్చింది. దానిని కొనాలంటే ఫారం 4 నింపి, వేలిముద్రలు, ఫొటో జతచేసి, తుపాకుల నియంత్రణ చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ అనుమతి వచ్చిన తర్వాతే దుకాణం నుంచి ఇంటికి తెచ్చుకోవాలి. ఇంతవరకు కొనేవారందరికీ తెలిసినదే. తెలియనిది ఏమిటంటే, ఫెడరల్ నిర్వచనం మొత్తం పరికరంతో ఆగకుండా, సప్రెసర్ తయారీకి మాత్రమే ఉద్దేశించిన ఏ ఒక్క భాగాన్నైనా సప్రెసర్‌గానే లెక్కిస్తుంది. లోపల వరుసగా ఉండే శంకువు ఆకారపు బ్యాఫిల్ పలకల్లో ఒకటి అరిగిపోతే వాడుకుందామని రెండోది అల్మారాలో దాచుకున్నారనుకోండి, ఆ అదనపు పలక ఒక్కటే రిజిస్టరు కాని సప్రెసర్ కింద లెక్క. మన ఊళ్లో బుల్లెట్ బండికి సైలెన్సర్ మార్చితే పోలీసులు చలానా రాసి, మహా అయితే దానిని రోడ్డు రోలర్ కింద తొక్కిస్తారు. ఇక్కడ ఈ చట్టం కింద నేరం రుజువైతే 10 ఏళ్ల వరకు జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా.

నిర్భయంగా మార్చుకోగలిగినవి లేకపోలేదు. రైఫిల్‌కు, సప్రెసర్‌కు మధ్య ఉండే మౌంట్‌ను నేను ఒకటికి రెండుసార్లు మార్చాను. వెనుకవైపు పరిశ్రమంతా వాడుతున్న ప్రామాణిక మర ఉన్న మోడల్ కావడంతో వేరే కంపెనీ మౌంట్ కూడా సాఫీగా కూర్చుంది. పైపూత వేయించుకోవడానికీ అభ్యంతరం లేదు, కాకపోతే సీరియల్ నంబరు స్పష్టంగా చదవగలిగేటట్లు ఉండాలి. చెక్కిన అక్షరాల లోతు కనీసం 0.003 అంగుళం ఉంటే చాలునని నిబంధన, అంటే మందమైన పూత ఒకటి పడితే పూడిపోయేటంత లోతు మాత్రమే. పూత వేసేవారికి ఆ భాగాన్ని కప్పి ఉంచమని కాగితం మీద రాసి ఇచ్చాను. నంబరును చెరపడం, మార్చడం దానికదే వేరే నేరం.

అసలు పరీక్ష రెండో ఏడాది వచ్చింది. బ్యారెల్ కొసకు మరలు కోసిన వర్క్‌షాపు వాటిని గొట్టపు కేంద్రానికి సరిగ్గా కుదర్చలేదు. అలైన్‌మెంట్ రాడ్ అనే నిటారు ఉక్కు కడ్డీని బ్యారెల్‌లోకి దూర్చి చూస్తే, సప్రెసర్ ముందు రంధ్రం నడిమధ్యన కనిపించవలసిన కడ్డీ ఒక అంచుకు దాదాపు ఆనుకుని ఉంది. అప్పటికే తూటా ఒరుసుకుపోయి, ఎండ్ క్యాప్ అనే ముందు మూత లోపలి అంచున నెలవంక ఆకారంలో, గోరు మందాన, తళతళలాడే గీత పడింది. చివరి బ్యాఫిల్ కూడా ఒకవైపు చితికింది. లేత్ మెషీన్ ఉన్న పరిచయస్థుడు ఒకరు అలాంటి పలకను సాయంత్రానికల్లా తయారు చేసి ఇస్తానన్నారు. ఆయన పనితనం మీద నాకు సందేహం లేదు, కానీ లైసెన్సు లేని మనిషి ఆ పలకను తయారు చేసిన క్షణంలో అది కొత్త సప్రెసర్ అవుతుంది. పాతది నా పేర రిజిస్టరై ఉండటం దీనికి ఏ రక్షణా ఇవ్వదు.

కాబట్టి దానిని తయారీ కంపెనీకే పంపాను. ఏటీఎఫ్ చెప్పేదాని ప్రకారం, లైసెన్సుతోపాటు ప్రత్యేక పన్ను కట్టిన తయారీదారు పాడైన లోపలి భాగాన్ని తీసి కొత్తది వేస్తే అది మరమ్మతు. మరమ్మతులో పొడవు తగ్గినా ఫరవాలేదు, పెరగకూడదు. బయటి ట్యూబునే మార్చితే మాత్రం అది మరమ్మతు కిందకు రాదు, కొత్త సప్రెసర్ కింద మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ బదిలీ. నా అదృష్టం కొద్దీ ట్యూబుకు దెబ్బ తగలలేదు. పంపేటప్పుడు ఫారం 5 అనే బదిలీ దరఖాస్తు పెట్టడం తప్పనిసరి కాకపోయినా, మరమ్మతు కోసమే చేతులు మారిందని రాతపూర్వకంగా ఉంటుందని పెట్టాను. బాగైన తర్వాత డీలరు ప్రమేయం లేకుండా నేరుగా ఇంటికే వచ్చింది. రెండు నెలలకు పైగా పట్టింది, ఆ సీజన్ చేజారింది, అయినా అదే ట్యూబు, అదే నంబరు. కొనేటప్పుడు ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందని అడిగేవారే గానీ, కంపెనీకి మరమ్మతు విభాగం ఉందా అని అడిగేవారు నాకు కనిపించలేదు. నేనైతే ఆ ప్రశ్ననే ముందు పెడతాను.

విడిభాగాలు కలిపి పొడవు పెంచుకోగలిగే మాడ్యులర్ రకాలకు 2022 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన కొంత స్పష్టత ఇచ్చింది. దాని ప్రకారం రైఫిల్‌కు తగిలే ప్రధాన బయటి తొడుగు మీదనే నంబరు ఉండాలి, విప్పదీయగల ఎండ్ క్యాప్ మీద కాదు. ఏ కంపెనీ అయినా క్యాప్ మీద నంబరు వేసి అమ్ముతుంటే దూరంగా ఉండటం మేలు.

ఇంట్లో వాళ్ల సంగతి కూడా ఇందులోనే వస్తుంది. సప్రెసర్ నా ఒక్కడి పేర ఉంటే, నేను లేనప్పుడు బీరువా తాళం నా భార్య దగ్గర ఉండటం కూడా చిక్కే. అందుకే ట్రస్టు పెట్టి ఇద్దరి పేర్లూ చేర్చాము. 2016 జులై నుంచి ట్రస్టులోని బాధ్యులందరూ వేలిముద్రలు, ఫొటోలు ఇవ్వవలసిందే, దానికి ఆమె విసుక్కున్న మాట వాస్తవం. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకులు, తూటాలు కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, హంటింగ్ లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు చూడకుండా మిత్రుడి చేతికి రైఫిల్ ఇవ్వవద్దు. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూజెర్సీలతో కలిపి 8 రాష్ట్రాలు పౌరులకు సప్రెసర్‌ను అనుమతించవు, అందుచేత ఉద్యోగం మారితే దీని సంగతి సామాను కట్టకముందే తేల్చుకోవాలి.

రాష్ట్ర చట్టాన్ని నమ్ముకుని ధైర్యం చేసేవారు ఇక్కడ చాలామందే ఉన్నారు. టెక్సాస్‌లోనే తయారై టెక్సాస్‌లోనే ఉండే సప్రెసర్‌కు ఫెడరల్ నియమాలు వర్తించవని 2021లో రాష్ట్రం చట్టం చేసింది. దాని ఆధారంగా వేసిన దావా 2024లో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దగ్గర కూడా నిలవలేదు. కాన్సాస్‌లో అలాంటి చట్టాన్ని నమ్మి సప్రెసర్లు చేసి అమ్మినవారికీ, కొన్నవారికీ పడిన శిక్షలను పదో సర్క్యూట్ 2018లో సమర్థించింది.

2026 జనవరి 1 నుంచి సప్రెసర్ మీద 200 డాలర్ల పన్ను సున్నా అయింది. పన్ను పోయింది గానీ రిజిస్ట్రేషన్ పోలేదు. సొంతంగా తయారు చేసుకునేవారికి కూడా ఫారం 1 అనుమతి ముందుగా రావాలి, తయారైన దానిపై తన పేరు, ఊరు, రాష్ట్రం చెక్కాలి. నా 22 కేలిబర్ రైఫిల్‌కు కూడా సరిపోయేలా ఉన్నదానినే ఏదో ఒకటి చేయించాలని ఒకప్పుడు ఆలోచించిన మాట నిజమే. ఇప్పుడు ఆ ఆలోచన లేదు. లోపలి భాగాలను విప్పి శుభ్రం చేసుకునే వీలున్న 22 సప్రెసర్‌కు విడిగా ఫారం 4 పెట్టాను.