సెమిలిగుడ చలికి గ్యాస్ గీజర్: ఐదారు చలికాలాలు వాడాక

మా ఇంట్లో ఉన్నది నిమిషానికి ఆరు లీటర్ల గ్యాస్ గీజర్. ఐదారు చలికాలాలుగా వాడుతున్నాం. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. కానీ బాత్రూం బయట తగిలించే చోటు లేని ఇంటికి మాత్రం ఎవరు అడిగినా వద్దనే చెబుతాను.

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి వస్తే కొరాపుట్‌కి ముందే తగులుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తు. డిసెంబరులో విజయనగరం నుంచి చుట్టాలొస్తే మర్నాడు లేస్తూనే అడిగేది వేణ్ణీళ్ల గురించే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్లు కావలసిందే. పైగా అందరికీ ఒకే గంటలో కావాలి. పిల్లలకు స్కూలు, మా తమ్ముడికి సునాబేడా ఫ్యాక్టరీ డ్యూటీ, అత్తయ్యగారికి పూజ.

ముందు కరెంటు గీజర్ల లెక్కే చూశాను. జనవరిలో ట్యాంకులో నీళ్లు 12 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, 40 డిగ్రీలకు తేవాలి. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ హీటర్ అలా ఇవ్వగలిగేది నిమిషానికి ఒకటిన్నర లీటరే. ఇరవై లీటర్ల బకెట్ నిండడానికి పదమూడు నిమిషాలు! 15 లీటర్ల ట్యాంకు గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకు కాగితే, చన్నీళ్లు కలిపాక బకెట్ పైన కొంచెం వస్తాయి. మళ్లీ కాగడానికి, రెండు కిలోవాట్లదయితే, ఇరవై అయిదు నిమిషాలు. మా వీధిలో తెల్లారగట్ల వోల్టేజీ పడిపోతుంది కాబట్టి ఇంకా ఎక్కువే. గ్యాస్ గీజర్ పన్నెండు కిలోవాట్ల వరకు వేడి అందిస్తుంది. బకెట్ మూడున్నర నిమిషాల్లో నిండుతుంది, వెనకాల వచ్చేవాళ్లు ఆగక్కర్లేదు.

ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలు కాంబి బాయిలర్ పెట్టించుకోమని చెప్పింది. అక్కడ ఒకే పెట్టె గదులను వెచ్చబరిచే రేడియేటర్లనూ వేడి చేస్తుంది, కొళాయికి వేణ్ణీళ్లూ ఇస్తుంది. కొళాయి తిప్పితే రేడియేటర్లు ఆగి నీళ్ల పని ముందు అవుతుంది. 24 కిలోవాట్ల కాంబి, నీళ్లను 35 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి దాదాపు పది లీటర్లు ఇస్తుంది. రేడియేటర్లు లేని మన ఇళ్లకు అందులో సగం పని అనవసరం. ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు కాచి ఇవ్వడం అనే మిగతా సగం గ్యాస్ గీజర్‌ చేసేదే. కానీ ఒక్క తేడా ప్రాణాల మీదకు వచ్చేది. ఈ కాలపు కాంబి బాయిలర్ మంట మూసిన పెట్టెలో ఉంటుంది. గాలి పైపుతో బయటినుంచి తీసుకుని, పొగ పైపుతో బయటికే వదులుతుంది. మన మామూలు గ్యాస్ గీజర్ తానున్న గదిలోని గాలినే పీల్చుకుని, ఆ గదిలోకే వదులుతుంది.

బిగించడానికి వచ్చిన మనిషి బాత్రూంలోనే పెడదామన్నాడు. "కిటికీ ఉంది కదండీ, పైపు ఖర్చు కూడా తగ్గుతుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కిటికీ ఉన్నంత మాత్రాన సరిపోదు. మా చలికి జనం వెంటిలేటర్‌లో అట్టముక్కలు, గుడ్డలు కుక్కి తలుపు బిగించుకుని స్నానం చేస్తారు. గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరుగుతున్నట్టు అనిపించి తలుపు తీద్దామనుకునేలోపే ఒళ్లు స్వాధీనం తప్పుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్ ఉందని కొన్ని కంపెనీలు చెబుతాయి. ఉంటే మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని లోపల పెట్టొద్దు. మాది వెనక వరండాలో, వాన పడని చోట గోడకు ఉంది. బాత్రూంలోకి వేడినీళ్ల పైపు ఒక్కటే వెళ్తుంది. ఆ పైపు పొడవు వల్ల మొదటి రెండు చెంబులు చల్లగా వస్తాయి, అంతే నష్టం.

బిగించే చోటు తర్వాత చూసుకోవలసిన రెండోది ట్యాంకు ఎత్తు. నీళ్లు తోసే బలానికి లోపలి డయాఫ్రం (పలచటి రబ్బరు పొర) కదిలితేనే మంట వెలుగుతుంది. నేను చూసిన మోడళ్ల మీద కనీస పీడనం 0.2 బార్ అని ఉంది. అంటే ట్యాంకు అడుగుకీ గీజర్‌కీ మధ్య రెండు మీటర్లయినా ఎత్తు ఉండాలి. ఒక అంతస్తు ఇంట్లో శ్లాబు మీద నేరుగా ట్యాంకు పెడితే అది చాలదు. మేం ఇటుక దిమ్మెలు కట్టించి దాని మీద పెట్టించాం. ఈ కొలత చూసుకోకుండా కొన్న పక్కింటివాళ్లకు బకెట్ నిండేలోపు రెండుసార్లు ఆరిపోయేది.

ఇక గ్యాస్ ఖర్చు. ఒక బకెట్‌కి సుమారు అరవై అయిదు గ్రాములు పడుతుంది. ఐదుగురికి తలో బకెట్ చొప్పున 14.2 కిలోల బండ నెలన్నర దాకా వస్తుంది. వంటింటి బండకు టీ జాయింట్ (గొట్టాన్ని రెండుగా చీల్చేది) వేయించకుండా దీనికి రెండో బండ విడిగా ఉంచాం. తెల్లవారుజామున ఒకరి తర్వాత ఒకరు స్నానాలు చేస్తుంటే బండ చుట్టూ కింది సగం మీద మంచులా చెమ్మ పట్టి, చెయ్యి పెడితే జిల్లుమంటుంది. లోపలి ద్రవం ఆవిరయ్యేటప్పుడు తన వేడినే తీసుకుంటుంది. మన గ్యాస్‌లోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరకి వస్తే ఆవిరవ్వడమే కష్టం. బండ అడుగంటే రోజుల్లో ఐదో మనిషికి మంట చిన్నదైపోతుంది. అలాంటప్పుడు కాసేపు ఆపి వాడతాం. బండకు వేణ్ణీళ్లు పోయడం, పక్కన కుంపటి పెట్టడం లాంటివి ఎవరు చెప్పినా చేయకండి.

చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి. మంట వెలిగించేది రెండు పెద్ద టార్చి బ్యాటరీలు, కరెంటుతో పని లేదు. టక్ టక్ చప్పుడు నీరసపడితే మార్చాలి. వానాకాలంలో నీళ్లు దిగే చోటున్న జాలీలో మట్టి చేరుతుంది, విప్పి కడుక్కోవాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు తిరిగితే వాడకం ఆపి మెకానిక్‌ని పిలవాలి. డయాఫ్రం ఒకసారి పోయింది, కొత్తది మా జిల్లాలోనే ఉన్న జయపూర్‌లో దొరికింది.

కొనేటప్పుడు గ్యాస్ గీజర్లకు ఉన్న భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15558 గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఆరు లీటర్లా, ఏడు లీటర్లా అని దుకాణంవాడు బేరం పెడతాడు. బకెట్ స్నానాలకు ఆరు చాలు. ఆ తేడా డబ్బులు మంచి హోస్ పైపుకి, బయటి గోడ దాకా పైపు లాగించడానికి పెట్టండి.