పూల డైరీకి కాట్‌మన్ పాకెట్ బాక్సు సరిపోతుందా?

విన్సర్ అండ్ న్యూటన్ వారి ఈ నీటిరంగుల (వాటర్‌కలర్) బాక్సులో 12 హాఫ్ ప్యాన్లు, అంటే చిన్న రంగు బిళ్లలు, ఒక చిన్న బ్రష్షు ఉంటాయి. ఇవి విద్యార్థుల శ్రేణి రంగులు. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అసలు పిగ్మెంటు (రంగునిచ్చే పొడి) బదులు అదే ఛాయనిచ్చే వేరే పిగ్మెంటు వాడారని అర్థం. పూలూ ఆకులూ వేసుకునే సొంత డైరీకి అది లోటు కాదు. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే వచ్చే బూడిద రంగు ఎంత బాగుంటుందో! నీడలన్నీ దానితోనే వేయొచ్చు, నలుపు అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ప్రతి ప్యాన్ మీద రెండు చుక్కల నీళ్లు వేసి నిమిషం ఆగండి. పొడి ప్యాన్‌ను రుద్దితే రంగు పలచగా వస్తుంది, బ్రష్షు మొన అరిగిపోతుంది. ఆరాక రంగు వెలిసినట్టు కనిపిస్తుంది కాబట్టి కాస్త చిక్కగానే వేయాలి. సగం ఆరిన చోట తడి బ్రష్షు పెడితే కాలీఫ్లవర్ లాంటి మరకలు పడతాయి, కొత్త నీరు రంగును అంచులకు నెట్టేస్తుంది మరి. తడి మెరుపు పోకముందే ముగించండి, లేదా పూర్తిగా ఆరనివ్వండి.

బాక్సులోని తెల్ల రంగు, చైనీస్ వైట్, పెద్దగా పనికిరాదు. తెలుపు కావాల్సిన చోట రంగు వేయకుండా కాగితాన్నే వదిలేయాలి. 8వ నంబరు గుండ్రటి బ్రష్షు విడిగా కొనండి. కాగితం దగ్గర మాత్రం పొదుపు వద్దు: 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కంటే పలచనిది తడికి ముడతలు పడుతుంది.