పొట్లాలు తుడవాలా, కిటికీలు తెరవాలా? మహమ్మారి రోజుల్లో ఇంటి లెక్కలు

కోవిడ్ వచ్చిన మొదటి ఏడాది మా ఇంట్లో జరిగిన గొడవల్లో సగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: "వెళ్దామా, వద్దా?" మా వారికి గుమ్మం దాటి లోపలికొచ్చే ప్రతి వస్తువూ భయమే. నాకేమో పిల్లలు నెలల తరబడి మనిషి మొహం చూడకుండా ఉండిపోతున్నారని బెంగ. ఇద్దరివీ నిజమైన భయాలే. కానీ ఆయన కొలత ఆయనది, నా కొలత నాది. అందుకే ఏ మాటా తెగేది కాదు.

ఆ తర్వాత తెలిసిన సంగతులతో, అప్పుడు మా ముందున్న దారుల్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. మళ్లీ ఇలాంటి జబ్బు వచ్చినప్పుడు ఈ లెక్క పనికొస్తుంది. ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లో, కిడ్నీ మార్పిడి అయినవాళ్లో ఉన్న కుటుంబాలకైతే ఈ లెక్కలు ఇప్పటికీ రోజూ ఉండేవే. ఒక్క మాట ముందే చెప్పాలి: ఓపిక కూడా ఖర్చయిపోయేదే. పొద్దున్న సరుకుల మీద దాన్నంతా పోసేస్తే, సాయంత్రం నిజంగా జాగ్రత్తపడాల్సిన చోట ఏమీ మిగలదు.

తుడవడమా, గాలి ఆడనివ్వడమా

2020 మార్చిలో ఒక ల్యాబ్ పరిశోధన బయటికొచ్చింది. వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా, అట్టపెట్టె మీద 24 గంటల దాకా బతికి ఉండొచ్చని అందులో తేలింది. ఆ అంకె ఇంటింటికీ పాకింది. మేమూ ప్రతి ప్యాకెట్‌నీ గుమ్మం దగ్గరే దించి, ఒక్కొక్కటే తుడిచి, ఆరబెట్టి లోపలికి తెచ్చుకున్నాం. వారం సరుకులకి గంట పైనే పట్టేది. నా వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి మంటలు పుట్టేవి. ఆ గంటసేపూ కిటికీలన్నీ బిగించి ఉంచేవాళ్లం, బయటి గాలి లోపలికి రాకూడదని!

పూర్తిగా తలకిందులైన జాగ్రత్త అది. వస్తువు మీద వైరస్ బతికి ఉండటం వేరు, దాన్ని తాకినందువల్ల మనిషికి జబ్బు రావడం వేరు. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఈ రెండో సంగతి తేల్చి చెప్పింది. వైరస్ అంటిన చోటును ఒకసారి తాకితే జబ్బు సోకే అవకాశం సాధారణంగా 10,000లో 1 కంటే తక్కువేనంది.

ఇక గాలి సంగతి. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్కాజిట్ లోయ ప్రాంతపు బృందగాయకులు 61 మంది ఒక హాల్లో రెండున్నర గంటలు సాధన చేశారు. వాళ్లలో ఒకరికి అప్పటికే జలుబులాంటి లక్షణాలున్నాయి. చివరికి 53 మందికి జబ్బు సోకినట్టు లెక్కతేలింది. అందులో 33 పరీక్షలో నిర్ధారణ అయినవి, మిగతా 20 లక్షణాలను బట్టి తేల్చినవి. ఇద్దరు చనిపోయారు. ఆ రోజు తలుపు దగ్గర శానిటైజర్ కూడా పెట్టారు. చేతుల్ని కాపాడుకున్నారు, ఊపిరిని కాపాడుకోవాలని అప్పటికి ఎవరికీ తెలియదు.

కాబట్టి ఈ రెండిట్లో ఏది మేలంటే కిటికీలే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. చేతులు కడుక్కోవడం మానమని కాదు, విరేచనాల దగ్గర్నుంచి మామూలు జలుబు దాకా అది ఎప్పుడూ పనికొచ్చేదే. ప్యాకెట్లు తుడిచే గంట మాత్రం వదిలేయొచ్చు.

గాలి కంటికి కనపడదు కదా, అదే చిక్కు. మేం తర్వాత కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటర్ ఒకటి కొన్నాం. అది వైరస్‌ని చూపించదు. ఒకరు వదిలిన గాలిని పక్కవాళ్లు ఎంత పీలుస్తున్నారో దాన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు. ఆరుబయట 420 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి ఇన్ని భాగాలని) దగ్గర ఉండే అంకె, నలుగురం తలుపేసుకుని సినిమా చూస్తున్న గదిలో 1,500 దాటింది. మా వారు లేచి ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలూ తీశారు. మా కళ్లముందే అంకె దిగడం మొదలైంది. నేను నెలల తరబడి వాదించి ఒప్పించలేనిది ఆ మీటర్ పది నిమిషాల్లో ఒప్పించింది.

ఇది పట్టుబడ్డాక, లోపల అరగంటా బయట రెండు గంటలా అన్న ప్రశ్నకి జవాబు వెతుక్కోనక్కర్లేదు. బయటే. స్నేహితుల్ని కలవాలంటే నడుస్తూ కలవండి. లోపలికి వెళ్లక తప్పదంటే రద్దీ లేని వేళ చూసుకుని, ముక్కుకీ గడ్డానికీ సందు లేకుండా పట్టి ఉండే ఎన్95 పెట్టుకుని, పని చూసుకుని వచ్చేయండి. వదులుగా వేలాడే గుడ్డ మాస్క్‌కీ దానికీ చాలా తేడా ఉంది.

అమ్మని చూడటమా, చూడకుండా కాపాడటమా

అన్నిటికన్నా కష్టమైన లెక్క ఇది. వ్యాక్సిన్లు రాకముందు పలు దేశాల లెక్కలు కలిపి చేసిన ఒక విశ్లేషణ ప్రకారం, సోకినవాళ్లలో చనిపోయే ముప్పు 10 ఏళ్ల వయసులో 0.002 శాతం, 55 ఏళ్లకి 0.4 శాతం, 75 ఏళ్లకి 4.6 శాతం, 85 ఏళ్లకి 15 శాతం. అంటే ఒకే గదిలో, ఒకే గాలి పీల్చే మనవడికీ నానమ్మకీ మధ్య ముప్పులో రెండు వేల రెట్లకు పైగా తేడా. "మా ఇంటికి ఎంత రిస్క్" అని ఒకటే అంకె అనుకుంటే అందుకే లెక్క తప్పుతుంది. వ్యాక్సిన్ల తర్వాత ఈ ముప్పు బాగా తగ్గింది. కానీ పెద్దవాళ్లకే ఎక్కువన్నది మారలేదు.

అమ్మకి డెబ్భై దాటాయి, ఒక్కతే ఉంటుంది. మొదటి నాలుగు నెలలూ వీడియో కాల్‌తోనే సరిపెట్టాం. ఒకరోజు తను అంది: "నన్ను కాపాడుతున్నామంటున్నారు, మంచిదే. నాకేం కావాలో ఒక్కసారైనా అడిగారా? నాకు మిగిలిన రోజుల్లో ఎన్ని ఫోన్‌లోనే గడిచిపోవాలి?" నాకు నోట మాట రాలేదు. ముప్పు ఎవరిదో వాళ్లని తప్ప అందర్నీ కూర్చోబెట్టి నిర్ణయం చేశాం.

అప్పుడు మా ముందు మూడు దారులున్నాయి. ఫోన్‌తోనే కొనసాగించడం. అందరం ఇంట్లో కలిసి కూర్చుని భోంచేయడం. లేదంటే ఆరుబయట కుర్చీలేసుకుని కలవడం. మొదటిది వైరస్ నుంచి పూర్తిగా కాపాడుతుంది కానీ ఒంటరితనం కూడా మనిషిని తినేసేదే, అమ్మ తిండీ నడకా రెండూ తగ్గిపోవడం ఆ నాలుగు నెలల్లో చూశాం. రెండోది, టీకాలు లేని ఆ రోజుల్లో, ఎంత ఆశగా ఉన్నా నేను ఒప్పుకోలేకపోయాను. అన్నం తినేటప్పుడు మాస్క్ ఉండదు, గంటల తరబడి మాటలు సాగుతాయి, గాలి ఆడని గది. మూడోదే ఎంచుకున్నాం.

మొదటిసారి అదీ సరిగ్గా కుదరలేదు. రెండు మీటర్ల దూరంలో కుర్చీలేశాం. అమ్మకి చెవులు కొంచెం మందం. మాస్క్ లోంచి, అంత దూరం నుంచి మాట వినపడలేదు. మేం గొంతు పెంచాం. తను ముందుకు వంగింది. చివరికి చిన్నాడు మాస్క్ కిందికి లాగి గట్టిగా అరిచి చెప్పాడు. గట్టిగా మాట్లాడేకొద్దీ నోట్లోంచి వచ్చే తుంపరలు పెరుగుతాయి. కాగితం మీద దూరం పాటించాం, నిజానికి ముప్పు పెంచాం. తర్వాతిసారి వెళ్లేముందు వినికిడి యంత్రంలో బ్యాటరీ మార్చమన్నాం, అందరికీ మంచి మాస్కులు పెట్టాం, కుర్చీలు దగ్గరికి జరిపి ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన వేశాం, మామూలు గొంతుతో ముక్కాల్గంట కూర్చున్నాం. అమ్మ వాడి చెయ్యి పట్టుకునే కూర్చుంది. వచ్చేటప్పుడు ఇద్దరూ చేతులు కడుక్కున్నారు, అంతే.

టెస్ట్ సంగతిలోనూ ఒక తప్పు చేశాం. ఇంట్లో చేసుకునే యాంటిజెన్ కిట్లు వచ్చాక, శనివారం వెళ్లడానికి గురువారమే టెస్ట్ చేసుకుని అందరికీ నెగెటివ్ అని ధీమాగా వెళ్లాం. ఆ సాయంత్రమే పెద్దవాడికి దగ్గు మొదలైంది, ఆదివారం కిట్ మీద రెండో గీత కనపడింది, అంటే పాజిటివ్. ఈ జబ్బు లక్షణాలు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటించగలదు. యాంటిజెన్ టెస్ట్ ఆ పూట సంగతే చెబుతుంది, పైగా మొదటి రోజుల్లో నెగెటివ్ చూపించి మోసం చేయగలదు కూడా. చేస్తే బయల్దేరే ముందే చేసుకోవాలి. ఆ రోజు ఆరుబయట కూర్చున్నాం కాబట్టేనేమో, అమ్మకి రాలేదు. ఆ వారం రోజులూ ఫోన్ మోగిన ప్రతిసారీ నాకు గుండె జారిపోయేది.

బడికి పంపడమా, ఇంట్లో ఉంచడమా

యునెస్కో లెక్క ప్రకారం 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో 150 కోట్ల మందికి పైగా విద్యార్థులకి చదువు ఆగిపోయింది లేదా ఇంటికి మారింది. మొదటి వారాల్లో ఏమీ తెలియనప్పుడు అది సరైనదే అనుకుంటాను. నెలలు గడిచాక మాత్రం లెక్క మారింది. పిల్లలకి జబ్బు వల్ల ప్రాణాపాయం చాలా తక్కువ, చదువూ స్నేహాలూ పోయిన నష్టం రోజురోజుకీ పెరుగుతూ పోయింది. ఇంట్లో బాగా ముప్పున్న మనిషి లేకపోతే, కిటికీలు తెరిచే బడికి పంపడమే మేలని నా అభిప్రాయం. అలాంటి మనిషి ఉన్న ఇంట్లోనూ ముందు పెద్దల విందులు మానుకోవాలి, ఆ తర్వాతే పిల్లల బడి గురించి ఆలోచించాలి. చాలా ఇళ్లలో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది.

ఆసుపత్రికి వెళ్లడమా, వాయిదా వేయడమా

ఇందులో పెద్దగా తూచాల్సింది లేదు. ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడటం లాంటివి వస్తే ఏ మహమ్మారైనా సరే వెంటనే వెళ్లాలి. పిల్లల టీకాలూ వాయిదా వేసేవి కావు. 2021 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 2.5 కోట్ల మంది పిల్లలకి డీటీపీ (డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింత దగ్గు) టీకా డోసుల్లో ఒకటైనా తప్పిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కగట్టాయి. కోవిడ్ నుంచి తప్పించిన పిల్లల్ని తట్టుకీ కోరింత దగ్గుకీ అప్పగించడం ఏం జాగ్రత్త? ఫోన్‌లో మాట్లాడితే సరిపోయే మామూలు చెకప్‌లు ఆగొచ్చు. అవి ఏవో మీ డాక్టర్నే అడగండి, మీకు మీరే తేల్చుకోకండి.

ఒకరికి వచ్చాక: విడిగా ఉండటమా, ఎలాగూ వస్తుందని వదిలేయడమా

"ఒకరికొస్తే అందరికీ వచ్చినట్టే" అన్న మాట ఎంతమంది నోట విన్నానో. అది నిజం కాదు. మొదటి ఏడాది అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఇంట్లో ఒకరికి వచ్చినప్పుడు మిగతావాళ్లలో సోకింది అయిదో వంతు మందికి లోపే. బాగా వేగంగా పాకిన ఒమిక్రాన్ నాడు కూడా నూటికి 40 పైచిలుకు మందికే, అంటే సగానికి పైగా తప్పించుకున్నారు. చేతులెత్తేయడానికి కారణం లేదు. తప్పించుకునే ఆ సగంలో ఇంట్లో పెద్దావిడ ఉంటే అంతకన్నా ఏం కావాలి?

విడిగా ఉండే గది ఉన్నవాళ్లకే ఇది సులువు, అది నాకు తెలుసు. ఒకే గదైతే జబ్బు మనిషికి కిటికీ పక్క చోటివ్వడం, అందరూ మాస్క్ పెట్టుకోవడం, తలలు దూరంగా ఉండేలా పడుకోవడం, ఇంతవరకే చేతిలో ఉంటుంది. అదీ ఎంతో కొంత పనిచేస్తుంది. సేవ చేసే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరు ముప్పు తక్కువున్నవాళ్లై ఉండాలి. ఇంట్లో అమ్మే చేయాలన్న అలవాటుతో బీపీ, షుగర్ ఉన్న ఆడవాళ్లనే ఆ గదిలోకి పంపిన ఇళ్లు నాకు తెలుసు.

మా వారికి వచ్చినప్పుడు ఆయన గది కిటికీ రాత్రంతా తెరిచే ఉంచాం, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కాం. ఆయనకి జ్వరం కన్నా ఒక్కడే తినాల్సి రావడం ఎక్కువ బాధనిపించింది. చిన్నాడు తన కంచం తీసుకెళ్లి ఆ తలుపుకి ఇవతల కూర్చుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆరు రోజులూ ఆయనతో కలిసే భోంచేశాడు.