వాడిన ఫ్లాష్ మీటర్, స్టూడియో లైట్ల సెట్టు కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

పోర్ట్రెయిట్ స్టూడియో పెట్టుకునే ఉద్దేశంతో వాడిన ఫ్లాష్ లైట్లను, వాటి వెలుతురును కొలిచే చేతి మీటర్‌ను (ఫ్లాష్ మీటర్) కలిపి సెట్టుగా కొనబోతున్న మిత్రులు డబ్బు చెల్లించే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. హైదరాబాద్‌లో పాత కెమెరా సామాన్లు అమ్మే ఒక దుకాణంలో, అన్నీ పరీక్షించినవే అన్న హామీ మీద రెండు స్టూడియో ఫ్లాష్ లైట్లను, ఒక డిజిటల్ ఫ్లాష్ మీటర్‌ను కొన్నాను. మీటర్ చూపిన ఎపర్చర్‌నే (లెన్స్ తెరుచుకునే కొలత) కెమెరాలో పెట్టినా ప్రతి ముఖమూ దాదాపు ఒక స్టాప్ ఓవర్ అవుతూ, అంటే కావాల్సినదానికి రెట్టింపు వెలుతురు పడి తెల్లబారుతూ వచ్చింది. నుదుటి మీద, ముక్కు మీద చర్మం వివరం పోయింది, పట్టుచీర జరీ తెల్లటి మరకలా మారింది. దుకాణదారు మొదట కెమెరాదే లోపమన్నారు, తరువాత నేను మీటర్ పట్టే తీరు తప్పన్నారు, చివరికి అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబోమని తేల్చేశారు.

మీటర్ పట్టే తీరు గురించి వారు చెప్పిన మాట పైకి సబబుగానే కనిపిస్తుంది కాబట్టి దానికి వివరంగా సమాధానం చెప్పాలి. మీటర్ మీద వెలుతురును అందుకునే తెల్లని గుండ్రటి మూతను, అంటే డోమ్‌ను, గడ్డం కింద ఉంచి కెమెరా వైపు తిప్పి కొలిచేవారు ఉన్నారు, నేరుగా లైటు వైపు తిప్పి కొలిచేవారూ ఉన్నారు. లైటు బాగా పక్కకు ఉన్నప్పుడు ఈ రెండు కొలతల మధ్య చెప్పుకోదగ్గ తేడా వస్తుంది, లైటు వైపు తిప్పితే ఎపర్చర్ అంకె (ఎఫ్ అంకె) పెద్దదిగా వస్తుంది; అంకె పెద్దదైతే లెన్స్ తక్కువ తెరుచుకుంటుంది. అందుకే లైటును కెమెరాకు ఆనించినంత దగ్గరగా పెట్టి మళ్లీ కొలిచాను. అప్పుడు రెండు దిశలూ దాదాపు ఒకటే అవుతాయి. అయినా తప్పు అలాగే ఉంది. వెలుతురు నిజంగా ఎఫ్ 8కి సరిపోయేంత ఉన్నచోట మీటర్ ఎఫ్ 5.6 చూపుతోంది. కారణం తరువాత తెలిసింది: అసలు డోమ్ ఎప్పుడో విరిగిపోగా, దాని స్థానంలో మందమైన వేరే ప్లాస్టిక్ ముక్కను బిగించారు. లోపలి సెన్సర్‌కు వెలుతురు తక్కువగా చేరుతుంది, మీటర్ ఎపర్చర్‌ను ఎక్కువ తెరవమంటుంది, ఫొటో ఓవర్ అవుతుంది.

తప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటే సర్దుకోవచ్చు, ఎందుకంటే చాలా డిజిటల్ మీటర్లలో ఆ తేడాను శాశ్వతంగా సరిదిద్దే అమరిక ఉంటుంది. అసలు నష్టం చేసింది రెండో లోపం. లైట్లలో ఒకటి, విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్ పూర్తిగా నిండకముందే సిద్ధమని బీప్ ఇస్తోంది. అదే పవర్‌లో, అదే దూరంలో వెంటవెంటనే వెలిగిస్తే కొలతల మధ్య అర స్టాప్‌కు మించి తేడా కనిపించింది. కొన్నిసార్లు లైటు తక్కువ వెలగడం వల్ల ఫొటో సరిగ్గా వచ్చినట్టే ఉండేది. అలా ఒక వస్తువు తప్పును మరొకటి కప్పిపుచ్చింది. మాన్యువల్ స్టూడియో ఫ్లాష్ వెలుగు మీట నొక్కిన క్షణంలోనే వచ్చి పోతుంది కనుక కెమెరాలోని మీటర్ దాన్ని ముందుగా కొలవలేదు. సింక్ వేగం (ఫ్లాష్‌తో వాడదగ్గ గరిష్ఠ షట్టర్ వేగం) దాటనంత వరకు షట్టర్ మార్చినా గదిలోని వెలుతురు మారుతుందే తప్ప ఫ్లాష్ మారదు. ఇలాంటి పనిలో చేతి మీటర్‌ను నమ్మలేకపోతే ముఖ్య లైటును, నీడలను తేలికపరిచే ఫిల్ లైటును సరితూచడం ఊహగా మారిపోతుంది.

కాబట్టి దుకాణంలో తెర మీద అంకెలు కనిపించాయని తృప్తిపడకండి. మబ్బు లేని రోజు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మీటర్‌ను బయటికి తెచ్చి, ఐఎస్ఓ (వెలుతురుకు సున్నితత్వం) 100, షట్టర్ 1/100 సెకను పెట్టి, డోమ్‌ను సూర్యుడి వైపు తిప్పి చూడండి. ఎఫ్ 16 దగ్గరలో రావాలి. మూడో వంతు స్టాప్ అటూ ఇటూ ఉంటే పరవాలేదు, పూర్తి స్టాప్ తేడా ఉంటే వదిలేయండి. చాలా మీటర్లలో 8 పక్కన చిన్నగా కనిపించే 5 అంటే ఎఫ్ 8కి పైన పదింట ఐదు వంతుల స్టాప్, అంటే సుమారు ఎఫ్ 9.5, దాన్ని 8.5 అని చదివి మోసపోవద్దు.

ఫ్లాష్ మోడ్‌ను మాత్రం ఫ్లాష్‌తోనే పరీక్షించాలి. పూర్తి పవర్ నుంచి సగానికి తగ్గిస్తే కొలత ఒక స్టాప్ పడాలి. పాత లైట్లలో పవర్ తగ్గించిన తరువాత మొదటి వెలుగు లోపల మిగిలిన ఛార్జ్‌తో ఎక్కువగా వస్తుంది. అది లోపం కాదు, ఒకసారి ఖాళీగా వెలిగించి ఆ తరువాతే కొలవాలి. మీటర్‌ను కదలకుండా ఒకచోట పెట్టి, బీప్ వచ్చిన ప్రతిసారీ వెలిగిస్తే కొలతల తేడా స్టాప్‌లో పదింట ఒకటి రెండు వంతుల లోపలే ఉండాలి. లైటుకు ఒక మీటరు దూరంలో ఉన్న ఫ్లాష్ మీటర్‌ను రెండు మీటర్ల దూరానికి జరిపితే కొలత రెండు స్టాపులు తగ్గాలన్న పరీక్ష కూడా ఉంది కానీ, తెల్ల గోడల ఇరుకు దుకాణంలో తిరిగివచ్చే వెలుతురు దాన్ని చెడగొడుతుంది.

పేరు చూసి కొనడమూ ప్రమాదమే. సెకోనిక్ స్టూడియో డీలక్స్ ఎల్-398 చక్కటి మీటరే, కానీ అది నిలకడ వెలుతురును మాత్రమే కొలుస్తుంది, ఫ్లాష్‌ను కొలవదు. పేరులో స్టూడియో ఉందని దాన్ని ఫ్లాష్ మీటర్‌గా అంటగట్టనివ్వకండి. లైటును విప్పి బాగుచేస్తామన్నవారికీ ఒప్పుకోవద్దు. ప్లగ్ తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ మిగిలి ఉంటుంది.

బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు, పనిచేసే స్థితిలో అమ్ముతున్నామన్న మాట, వాపసు గడువు రాయించుకోండి. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారని దుకాణం వాదించవచ్చు. అయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే వాడుకునేందుకు కొన్న వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. పరిష్కారం దొరక్కపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి; చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకపోతే దానికి రుసుము లేదు.